మూడోసారి అడిగితే

ఆరిన్ టోలెఫ్సన్‌కి భార్య మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. పెళ్లయి ముప్పై ఏళ్లు దాటినా ఆమె నోట 'వద్దు' అన్న మాట అతను వినలేదు.

ఈ సంగతి విని స్నేహితులు మొదట అసూయపడేవారు. తర్వాత తమ భార్యలూ మిన్నెసోటాలోని ఆ డలూత్ ఊళ్లోనే పుట్టి పెరిగారని గుర్తొచ్చి, ఆరిన్ భుజం తట్టి వెళ్లిపోయేవారు.

మార్లిస్ 'వద్దు' అనదు. 'చూద్దాం' అంటుంది. కొత్త సోఫా కొందామా అంటే చూద్దాం. ఈసారి క్రిస్మస్‌కి మీ అక్క ఆర్డిస్ ఇంటికి వెళ్లడం మానేద్దామా అంటే చూద్దాం. సోఫా ఇంతవరకూ రాలేదు, ఆర్డిస్ ఇంటికి వెళ్లడం ఇంతవరకూ మానలేదు. మరీ నచ్చనిదాన్ని చూస్తే "ప్రత్యేకంగా ఉంది" అంటుంది. ఆరిన్ మీసం పెంచినప్పుడు ఒకసారి ఆ మాట అంది. సాయంత్రానికల్లా మీసం లేదు.

ఆ ఊరి మొహమాటమే అంత. ఎవరైనా కాఫీ ఇస్తామంటే వద్దనాలి. మళ్లీ అడిగితే, అబ్బే మీకెందుకు శ్రమ అనాలి. మూడోసారి అడిగితే, మీరింతగా అంటున్నారు గనక అరకప్పు, అని చెప్పి రెండు కప్పులు తాగాలి. మొదటిసారే ఔనన్నవాడు ఆశపోతు. మూడోసారి అడగనివాడు పిసినారి. ఆ ఊళ్లో చంటిపిల్లలు కూడా మూడోసారి పిలిస్తేనే పాలకి వస్తారని ఒక పుకారుంది.

ఇంత తెలిసిన ఆరిన్, ఆ వేసవిలో ఏమీ తెలియనట్టు నటించడం మొదలుపెట్టాడు.

రిటైరయ్యాక అతని కన్ను ఒక చెక్క ఇంటి మీద పడింది. ఉత్తరాన, కెనడా సరిహద్దు అడవి అంచున ఉంది. కరెంటు లేదు. పక్కిల్లు లేదు. మరుగుదొడ్డి ఉంది గానీ, శీతాకాలంలో అవసరం పడినవాడు ముందు పార పట్టుకుని మంచులో దారి తవ్వుకోవాలి, ఆ తర్వాతే అవసరం సంగతి. డలూత్ ఇల్లు అమ్మేసి అక్కడికి మారిపోదామన్నాడు ఆరిన్.

"చూద్దాం" అంది మార్లిస్.

కొన్నాళ్లాగి మళ్లీ అడిగాడు. "చూద్దాంలే" అంది.

మూడోసారి అడిగాడు. ఆమె వంటగది కిటికీలోంచి, రేవులోకి వస్తున్న ఇనుపఖనిజం ఓడకేసి చాలాసేపు చూసింది. కూత విని ఓడ పేరు చెప్పగలదు ఆవిడ. "చూద్దాం, ఆరిన్" అంది.

మూడు చూద్దాంలంటే ఆ ఊళ్లో తలుపేసి గడియ పెట్టినట్టే. ఆరిన్ మాత్రం చెక్క ఇంటి యజమానికి ఫోన్ చేసి, "మా ఆవిడ చూద్దామంది, ఒప్పుకున్నట్టే" అన్నాడు. ఆ యజమాని ఎక్కడో దక్షిణపు రాష్ట్రం వాడు, ఈ చూద్దాంల సంగతి తెలియక నమ్మేశాడు. సోమవారం వచ్చి సంతకాలు పెట్టమన్నాడు.

సంతకం ఇద్దరూ పెట్టాలి. అందుకే ఈ శనివారం పడవ ప్రయాణం.

ఆరిన్ పథకం చిన్నదే. అడవిలో రెండు రాత్రులు గడపాలి. మార్లిస్ నడుం వంగకూడదు. వెళ్లేసరికి గుడారం వేసి ఉండాలి, ఎలుగుబంటికి అందకుండా తిండి మూట చెట్టుకి వేలాడుతుండాలి, పట్టిన చేపలు తాడుకి కట్టి ఉండి నీళ్లలో ఎదురుచూస్తుండాలి. అడవంటే ఇంత హాయా అని ఆవిడ నోటితో ఆవిడే అనాలి.

ఈ ఏర్పాట్లన్నీ స్నేహితుడు డ్వేన్‌కి అప్పగించాడు. ఎవరేం చెప్పినా "అలాగే" అనడం డ్వేన్ అలవాటు. అందుకే ఊళ్లో అతన్ని 'అలాగే డ్వేన్' అంటారు.

"ముందురోజే వెళ్లి లాంగ్ లేక్ ఉత్తరపు ఒడ్డున అన్నీ సర్దేసి వచ్చెయ్."

"అలాగే."

శనివారం పడవలో రెండు తెడ్లు, రెండు లైఫ్ జాకెట్లు, మార్లిస్ చేతిసంచీ మాత్రమే ఎక్కాయి.

"ఇంతేనా సామాను?"

"అక్కడ నీకో ఆశ్చర్యం ఉంది. అన్నీ అడవే ఇస్తుంది."

"అలాగా" అంది మార్లిస్. సంచీలో ఏముందని ఆరిన్ అడగలేదు. అదే అతని మొదటి పొరపాటు.

ఒక సరస్సు దాటారు. తేలికపాటి పడవని బోర్లించి నెత్తిన పెట్టుకుని, రాళ్లూ వేళ్లూ ఉన్న కాలిబాటన నడిచి రెండో సరస్సుకి చేరారు. పడవ కింద ఆరిన్ తల కనబడదు గానీ మాటలు వినబడుతూనే ఉన్నాయి. గాలి ఎంత శుభ్రం, చప్పుడే లేదు, మనసెంత ప్రశాంతం. దోమలు అతని మెడ మీద మాత్రం చప్పుడు చేస్తూనే ఉన్నాయి. వెనక నడుస్తున్న మార్లిస్ ఏమీ అనలేదు. అంగీకారం అనుకున్నాడు.

సాయంత్రం అవుతుండగా లాంగ్ లేక్ ఉత్తరపు ఒడ్డు కనబడింది. అక్కడ ఒక ఇనుప పొయ్యి చట్రం ఉంది. దాని మీద ఒక ఉడుత ఉంది. ఇంకేమీ లేదు.

ఆరిన్ చెట్ల వెనక చూశాడు. బండల వెనక చూశాడు. చెట్లకేసి తలెత్తి చూశాడు. చివరికి ఉడుతకేసి చూశాడు.

మార్లిస్ ఒక బండ మీద కూర్చుని, మోకాళ్ల మీద సంచీ పెట్టుకుని నాలుగు వైపులా చూసింది.

"ప్రత్యేకంగా ఉంది."

ఆరిన్‌కి మీసం గీసేసిన రోజు గుర్తొచ్చింది.

"డ్వేన్ వచ్చి గుడారం వెయ్యాలి. లాంగ్ లేక్ అని స్పష్టంగా చెప్పాను."

"ఏ లాంగ్ లేక్?"

మిన్నెసోటాలో సరస్సులు పదివేలని అందరూ గర్వంగా చెప్పుకుంటారు. పేర్లు పెట్టినవాళ్లు మాత్రం మొదటి కొన్నింటితోనే అలిసిపోయి, పొడుగ్గా ఉన్నవాటన్నిటికీ లాంగ్ లేక్ అని, బురదగా ఉన్నవాటన్నిటికీ మడ్ లేక్ అని పెట్టి భోజనానికి వెళ్లిపోయారు.

"నువ్వు పెరట్లో గడ్డి కోస్తుంటే డ్వేన్ ఫోన్ చేశాడు" అంది మార్లిస్. "లాంగ్ లేక్ అంటే హైవే పక్కన ఉన్నదేనా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"అదైనా బాగానే ఉంటుందన్నాను."

"అది కాదని చెప్పొచ్చుగా."

"కాదని మొహం మీదే అంటే మనిషి నొచ్చుకోడూ? అయినా ఆశ్చర్యపరుస్తానన్నది నువ్వు. నాకేం తెలుసు?"

పడమటివైపు మబ్బు లేచింది. వచ్చిన దారంతా తెల్లటి నురగ. ఆ అలల్లోకి పడవ తోస్తే ఇంటికి కాదు, అడుక్కి చేరతారు. ఫోన్ తీసి చూశాడు. అది గడియారంగా మాత్రమే పనికొస్తోంది.

అప్పుడే చిన్న పాయలోంచి ఒక ఎర్ర పడవ వచ్చింది. అందులో ఒక కుర్ర జంట, వాళ్ల మధ్య కొండంత సామాను.

"బాగున్నారా సార్? నా పేరు ట్రావిస్. టెక్సస్ నించి వచ్చాం. మీ గుడారం కనబడట్లేదు, అన్నీ ఉన్నాయా?"

ఆరిన్ ఛాతీ విరుచుకున్నాడు. పక్కన మార్లిస్ ఉంది. సోమవారం సంతకం ఉంది. "మాకేం, బాగానే ఉన్నాం."

"వాన వచ్చేట్టుంది సార్. మా దగ్గర ఇంకో గుడారం ఉంది. మాంసం, బీన్స్ వేడివేడిగా వండుకోబోతున్నాం. ఇద్దరికి సరిపడా ఇవ్వమంటారా మేడమ్?"

"అబ్బే, మీకెందుకు శ్రమ" అన్నాడు ఆరిన్, మార్లిస్ తరఫున కూడా.

అని ఎదురుచూశాడు. మార్లిస్ జుట్టు సర్దుకుని లేవడానికి సిద్ధంగా బండ అంచుకి జరిగింది.

"సరే సార్, మీ ఇష్టం. హాయిగా గడపండి" అని ట్రావిస్ టోపీ ఎత్తి దణ్ణం పెట్టినట్టు వంగి, తెడ్డు వేశాడు.

ఎర్ర పడవ పాయ అవతలి ఒడ్డుకి వెళ్లిపోయింది. ఆరిన్ నోరు ఇంకా మూడో జవాబు ఆకారంలోనే ఉంది.

"వెళ్లిపోతున్నాడేమిటి?"

"వద్దన్నావుగా."

"రెండుసార్లే అన్నాను."

"పాపం, వాళ్ల ఊళ్లో వద్దంటే వద్దనేమో" అంది మార్లిస్.

చలిగాలి మొదలైంది. అవతలి ఒడ్డున మంట లేచింది. మాంసం వేగుతున్న వాసన నీళ్ల మీదుగా, ఎవరూ అడక్కుండానే వచ్చి ముక్కులో కూర్చుంది.

"పాయ చిన్నదే. మనమే వెళ్లి అడగొచ్చు" అంది మార్లిస్.

"వద్దన్నవాణ్ని ఏ మొహంతో వెళ్లను?"

మార్లిస్ సంచీ తెరిచి రేకు డబ్బా తీసింది. అందులో ఆమె చేత్తో కాల్చిన నిమ్మకాయ మిఠాయి ముక్కలు, లెమన్ బార్లు, పైన తెల్లగా పంచదార పొడి. ఒక ముక్క కొరుక్కుని డబ్బా చాపింది.

"ఒకటి తింటావా?"

"వద్దులే, నువ్వు తిను."

"నిజంగా?"

"అబ్బే, ఆకలిగా లేదు" అని ఆరిన్ చెయ్యి తుడుచుకుని సిద్ధంగా పెట్టుకున్నాడు.

మార్లిస్ డబ్బాకి మూత పెట్టింది. టప్పుమంది. సంసారంలో ఆ చప్పుడు, ఆ సందర్భంలో, ఎన్నడూ వినబడలేదు.

"మార్లిస్."

"ఊఁ."

"మూడోసారి అడగలేదు నువ్వు."

"నువ్వు నన్ను మూడుసార్లు అడిగావు. అడిగి ఏం చేశావు?"

ఆరిన్ ఉడుతకేసి చూశాడు. అది కూడా మొహం తిప్పేసుకుంది.

"నువ్వు గడ్డి కోస్తుంటే ఇంకో ఫోన్ కూడా వచ్చింది" అంది మార్లిస్ నింపాదిగా. "చెక్క ఇంటాయన. ఒప్పుకున్నందుకు చాలా సంతోషం మేడమ్, అన్నాడు."

ఆరిన్ వేళ్ల మీద ఏదో లెక్కేశాడు. "ముందు ఎవరి ఫోన్ వచ్చింది? డ్వేన్‌దా, ఆయనదా?"

"ఆయనది."

అంటే అంతా తెలిసే డ్వేన్‌ని హైవే పక్కకి పంపింది.

"గుడారం లేకపోతే వెంటనే వెనక్కి తిప్పుతావనుకున్నాను" అంది ఆమె. "గాలి ఇలా కమ్ముకొస్తుందనుకోలేదు. అదొక్కటే నా లెక్క తప్పింది."

ఆ చివరి మాటలో పళ్లు టకటకలాడాయి. ఆరిన్ తిరిగి చూశాడు. ఆమె పెదాలు నీలంగా ఉన్నాయి. స్వెట్టర్ మీద మొదటి చినుకులు నల్లగా మచ్చలు పడుతున్నాయి. తన కోటు తీసి ఆమెకి కప్పాడు. అదీ పలచనిదే. రాత్రంతా ఇక్కడ, ఈ వానలో ఆవిడ కూర్చోవాల్సి వస్తే, అది తను రెండుసార్లు అన్న వద్దు వల్లే.

ఆరిన్ నీళ్ల దాకా నడిచాడు. బూట్లలోకి నీళ్లు వెళ్లాయి. అతని తండ్రి గానీ, తాత గానీ ఎన్నడూ చెయ్యని పని చెయ్యబోతున్నాడు.

"ట్రావిస్. మాకు సాయం కావాలి."

"ఏంటి సార్?"

"సాయం. గుడారం."

"ఇందాక వద్దన్నారు కదా సార్?"

"ఊరికే అన్నాను."

"గాలికి వినబడట్లేదు సార్."

ఆరిన్ రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకున్నాడు. "ఊరికే అన్నాను. తప్పు నాది."

అవతలి కొండ ఆ మాట అందుకుని, తప్పు నాది, నాది, నాది అని సరస్సు పొడుగునా చాటింది. పొడుగు సరస్సు కదా, చాలాసేపే చాటింది. ఎక్కడో ఒక లూన్ పక్షి, దాని కూతే నవ్వులా ఉంటుంది, గొంతెత్తి పకపకా నవ్వింది.

ఎర్ర పడవ ఒడ్డు విడిచింది. ఆరిన్ తడి బూట్లతో వచ్చి బండ మీద కూర్చున్నాడు. మార్లిస్ డబ్బా మూత తీసింది.

"ఒకటి తింటావా?"

అతని పెదాలు అలవాటుగా 'వ' దగ్గరికి వెళ్లాయి. ఆగాయి.

"తింటాను."

మొదటి పిలుపుకే చెయ్యి చాపడం అతని జన్మలో అదే మొదలు. మార్లిస్ రెండు ముక్కలు పెట్టింది.

అతను నములుతుంటే ఆమె సరస్సుకేసి చూస్తూ అంది. "ఆ ఇల్లు నాకు వద్దు, ఆరిన్. నాకు నా కిటికీ కావాలి. పక్క వీధిలో మా అక్క కావాలి. వద్దు."

ముప్పై ఏళ్లుగా వినాలనుకున్న మాట. ఆరిన్ ముక్క మింగాడు. ఈసారి అరవక్కర్లేదు, పక్కనే ఉంది.

"నువ్వు మొదటిసారి చూద్దామన్నప్పుడే నాకు తెలుసు" అన్నాడు. "తెలియనట్టు నటించాను. తప్పు నాదే, మార్లిస్."