మూడో అంతస్తులో ఊపిరి అధ్యయనం

ప్రభుత్వం మావారిని తలుచుకుందన్న శుభవార్త వచ్చేసరికి మేమిద్దరం మా ఇంటి మెట్ల మలుపులో నిలబడి ఉన్నాం. పెళ్లయి ఇరవై రోజులు. మావారు ప్రతి మలుపులోనూ ఆగి నా వంక చూస్తారు. మొదటి వారం అది ప్రేమనుకున్నాను. ఆయాసమని తర్వాత తెలిసింది. ఏదైతేనేం, ఆగి చూస్తున్నారు కదా. నాకదే పండగ.

నిరుడు ఆయన న్యుమోనియాతో పద్దెనిమిది రోజులు ఐసీయూలో ఆక్సిజన్ మీద ఉన్నారు. ఇప్పుడు వారానికి రెండుసార్లు అదే ఆసుపత్రి కింది అంతస్తులోని ఊపిరి క్లినిక్‌కు వెళ్తారు. అక్కడి ఫిజియోథెరపిస్టును అందరూ టీచరమ్మ అంటారు. చేరినప్పుడు ఈయన పది మెట్లెక్కితే కూర్చుండిపోయేవారట, ఇప్పుడు ఇరవై రెండు. మావారిది సెల్ టవర్లెక్కే ఉద్యోగం. మరో ఆర్నెల్లు మానకుండా వస్తే మళ్లీ టవరెక్కిస్తానని టీచరమ్మ మాటిచ్చింది.

శుభవార్త ఫోన్లో మెసేజ్‌గా వచ్చింది: "ఐసీయూలో ఆక్సిజన్ పొందినవారిపై దీర్ఘకాలిక ప్రభావాల మహా అధ్యయనం. గౌరవ ఆరోగ్య మంత్రిగారిచే ఎల్లుండి పది గంటలకు ప్రారంభం. పన్నెండింటికి ముగింపు."

డాక్టర్లు దీనికి అయిదేళ్లు అడిగారట. ఎక్కువ ఆక్సిజన్ ఇచ్చినవాళ్లు ఎలా ఉన్నారు, ఆచితూచి ఇచ్చినవాళ్లు ఎలా ఉన్నారు, ఏటేటా చూడాలన్నారట. మంత్రిగారు రెండు గంటలు చాలన్నారు. ఇంత చురుకైన నాయకుడు దొరకడం మన అదృష్టం.

ఆ రోజు పెళ్లి చీరల్లో రెండోది కట్టుకుని వెళ్లాను. హాలు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టుకు అడ్డంగా రిబ్బన్ కట్టి ఉంది. దాని పక్కన ఈ అధ్యయనానికి వేసిన ప్రత్యేకాధికారి నిలబడి ఉన్నారు.

"రిబ్బన్ కింద నుంచి దూరి వెళ్తాం నాయనా," అంది ఒక పెద్దావిడ, బెంచీ మీద కూలబడి.

"దూరితే ప్రారంభమైపోతుందమ్మా! మంత్రిగారు వచ్చి ఏం చెయ్యాలి?"

పిలిచింది రెండు వందల పదిమందిని. అందరూ కింద బెంచీల దాకా వచ్చారు. మూడో అంతస్తు చేరింది పదకొండుగురు. అందులో మావారొకరు. మలుపు మలుపుకీ ఆగుతూ నలభై అయిదు నిమిషాలు పట్టింది. పెళ్లయ్యాక అంతసేపు ఆయన చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

గుమాస్తా ఫారం తీశాడు. "మెట్లు ఎక్కగలరా?" అని చదివి, మా వంక చూసి, "ఎక్కొచ్చారుగా," అని తనే టిక్ పెట్టుకున్నాడు. "సార్, ఆక్సిజన్ ఎక్కువా, తక్కువా అని ఉందిక్కడ."

"తక్కువ కొట్టెయ్. మన ప్రభుత్వంలో ఎవరికీ తక్కువ చెయ్యలేదు," అన్నారు మా వెనకే పైకొచ్చిన అధికారి.

"ఇబ్బందులేమైనా ఉన్నాయా?"

మావారు గోడ పట్టుకుని, ఒక్క నిమిషమని అరచెయ్యి చూపించారు. గుమాస్తా మర్యాదస్తుడు, అరనిమిషం ఆగాడు. తర్వాత "ఫిర్యాదు లేదు" అని రాసుకున్నాడు.

"మిగతా నూట తొంభై తొమ్మిది మంది, సార్?"

"రాలేదంటే అర్థమేంటోయ్? కోలుకుని పనుల్లో పడిపోయారు. రాయ్. దీర్ఘకాలిక ప్రభావం సున్నా. పేషెంట్లు సున్నా. కాబట్టి కింద క్లినిక్ అనవసరం."

నేను అడ్డుపడ్డాను. "సార్, మావారికింకా ఆర్నెల్లు క్లినిక్ కావాలండీ. లేకపోతే ఉద్యోగం ఉండదు."

"చూడమ్మా, మీవారు కోలుకున్న నూటికి నూరు శాతంలో ఉన్నారు. ఒక్కరి కోసం శాతం పాడుచెయ్యమంటావా?"

అంతలో కింద జిందాబాదులు వినిపించాయి. మంత్రిగారు రిబ్బన్ కత్తిరించగానే అనుచరులు ఉత్సాహం పట్టలేక ఆయనకంటే ముందే లిఫ్టులోకి తోసుకెళ్లారట. అది అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపలి నుంచి కూడా జిందాబాదులు వస్తూనే ఉన్నాయి. కెమెరాలు చూస్తున్నాయి గనక మంత్రిగారు, "నేను ప్రజల మనిషిని. మెట్లెక్కుతాను," అన్నారు.

మొదటి అంతస్తు దాటారు. రెండో అంతస్తు మలుపులో రెయిలింగ్ పట్టుకుని నోరు తెరిచారు. ప్రసంగమనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. గాలి తప్ప మరేమీ రాలేదు. నలుగురు కుర్చీలో కూర్చోబెట్టి కింది క్లినిక్‌కు మోసుకెళ్లారు. మేమూ వెనకే దిగాం.

"ముక్కుతో పీల్చండి సార్. పెదాలు ఈల వేస్తున్నట్టు పెట్టి, మెల్లగా వదలండి. అదీ! ఇంకోసారి," అంది టీచరమ్మ.

పది నిమిషాల్లో ముఖంలోకి రంగొచ్చింది. మూడు బంతుల గొట్టం ఇస్తే గట్టిగా పీల్చి రెండు లేపారు. అందరూ హర్షధ్వానాలు చేశారు. మావారు మూడూ లేపుతారు. సందర్భం కాదని ఆ మాట ఎత్తకుండా, ఈ క్లినిక్ మూసేస్తున్నారని మాత్రం చెప్పాను.

"అద్భుతం. ఇంత మంచి క్లినిక్‌ను మూసెయ్యమంది ఎవరయ్యా?" అన్నారు మంత్రిగారు.

నేను మావారి వేళ్లు గట్టిగా నొక్కాను. అధికారి నేల చూపులు చూశారు. "రిపోర్టు, సార్..."

"నా ప్రాణం ఉండగా ఇది మూతపడదు. రేపు పొద్దున తొమ్మిదింటికి లారీ తెప్పించు. ఈ కుర్చీలు, ఈ గొట్టాలు, టీచరమ్మ, అంతా మా బంగళాకు."

"మరి నా పేషెంట్లు, సార్?" అంది టీచరమ్మ.

మంత్రిగారు చెయ్యి చాపారు. అధికారి రిపోర్టు అందించారు. మంత్రిగారు కళ్లద్దాలు పెట్టుకుని, ఓపిగ్గా చివరి పేజీ దాకా చదివారు.

"ఎవరూ లేరుగా?" అన్నారు.

అధికారి డైరీ తీసి రాసుకున్నారు: "రేపు తొమ్మిదికి లారీ. టీచరమ్మకు ముందు సీటు."