దొరసాని పరుగు, కెప్టెన్ గారి విశ్రాంతి

గుర్రపుస్వారీ క్లబ్బు కార్యవర్గం అత్యవసరంగా సమావేశమై ఏకగ్రీవంగా తీర్మానించినదేమనగా, నేటి నుంచి గుర్రమూ దాని మీద కూర్చునే రౌతూ వేర్వేరు జీవులు కారు. ఇద్దరూ కలిసి ఒకే క్రీడాకారుడు. ఒక క్రీడాకారుడికి ఆరు కాళ్లుండటం మీద ఎవరికైనా అభ్యంతరముంటే రాతపూర్వకంగా తెలపవచ్చునని నోటీసు బోర్డులో పెట్టారు. ఎవరూ తెలపలేదు. ఆ క్లబ్బులో అభ్యంతరాలు టీ తాగేటప్పుడు పుడతాయి, కప్పు కింద పెట్టేలోగా పోతాయి.

ఇంత పెద్ద తీర్మానానికి కారణం కెప్టెన్ గారి పరువు.

కెప్టెన్ గారంటే సైన్యంలో పనిచేసి వచ్చారనుకునేరు. కాదు, క్లబ్బు జట్టుకి కెప్టెన్. ఆ పదవి వల్ల ఆయనకి వచ్చేవి రెండే. ఒకటి, హాల్లో ఫ్యాను కింద కుర్చీ. రెండు, మామగారింట్లో మర్యాద. ఎవరైనా వస్తే మామగారు, "ఈయన మా కెప్టెన్ గారు. ఆయన మా రెండో అల్లుడు," అని పరిచయం చేస్తారు. ఆ "ఈయన"కీ "ఆయన"కీ మధ్య ఉన్న దూరంలోనే కెప్టెన్ గారి జీవితమంతా హాయిగా సాగుతోంది.

దానికి ఇప్పుడు ముప్పొచ్చింది. ఏటా జరిగే కొండదారి పందెంలో గుర్రం మీద కొండెక్కి దిగి, కంచెలు దూకి, కాలువ దాటి రావాలి. కిందటేడాది కెప్టెన్ గారు చివరి కంచె దగ్గర దిగిపోయారు. అంతకు ముందు ఏడాది అంత దూరం కూడా వెళ్లలేదు. రెండుసార్లూ గుర్రం అలిసిపోయిందని ప్రకటించారు. ఆ మాట అనడానికి ఆయనకి ఊపిరి అందలేదు కాబట్టి పక్కవాళ్లు ప్రకటించారు. ఈసారి కూడా గమ్యం చేరకపోతే పదవి రెండో అల్లుడిదేనని కార్యవర్గం తేల్చేసింది. అంటే అదే జట్టులో ఉన్న సాక్షాత్తూ తోడల్లుడిది.

గుర్రానికి ఏం జబ్బో తేల్చమని ఒక డాక్టరమ్మని పిలిపించారు. వ్యాయామం చేస్తే ఒంట్లో ఏం జరుగుతుందో, మనుషులకీ గుర్రాలకీ కూడా, చదువుకున్న మనిషి. ఆవిడ దొరసాని ఛాతీకి గుండె వేగం లెక్కపెట్టే పట్టీ ఒకటి కట్టింది. దొరసాని అంటే కెప్టెన్ గారి గుర్రం, గోధుమరంగు ఆడగుర్రం. కట్టి ఊరుకోకుండా కెప్టెన్ గారికి కూడా ఒకటి కట్టింది. ఇద్దరినీ కొండెక్కించి దింపింది.

దొరసాని గుండె కొండ మీద వడివడిగా కొట్టుకుంది. దిగి నిలబడ్డాక కాసేపట్లోనే నిమ్మళించింది. కెప్టెన్ గారి గుండె మాత్రం జీను ఎక్కడానికి వేసిన ముక్కాలిపీట దగ్గరే పరుగు మొదలుపెట్టింది. ఆయన కొండ దిగి, టీ తాగి, పేపరు చదవడం ముగించాక కూడా అది ఇంకా కొండ మీదే ఉంది.

"గుర్రానికి ఏ లోటూ లేదండీ," అంది డాక్టరమ్మ. "మీరు అలిసిపోగానే జీను మీద బస్తాలా కూలబడుతున్నారు. ఆ బరువు దాని నడుం మీద దబదబా పడుతుంటే పాపం అదేం చేస్తుంది? మీ తొడలూ నడుమూ గట్టిపడాలి. ఒకరోజు బాగా కష్టపడాలి, మర్నాడు విశ్రాంతి తీసుకోవాలి. బలం వచ్చేది ఆ విశ్రాంతిలోనే. మీ ఇద్దరినీ ఒకే క్రీడాకారుడనుకోండి."

కెప్టెన్ గారు ఇదంతా కళ్లు మూసుకుని విన్నారు. ఉపన్యాసంలో మనకి పనికొచ్చే ముక్క ఎక్కడుందో కళ్లు మూసుకుంటేనే తెలుస్తుంది. ఆయన లేచి కార్యవర్గంతో గంభీరంగా అన్నారు.

"మిత్రులారా! శాస్త్రానికి రెండు భాగాలు, శ్రమ, విశ్రాంతి. క్రీడాకారుడికీ రెండు భాగాలు, గుర్రం, నేను. ఏ భాగం ఎవరికి తగునో నా నోటితో నేనే చెప్పుకోవడం బాగుండదు."

కార్యవర్గం ఆయన చెప్పకుండానే అర్థం చేసుకుని, బల్లలు చరిచి, ఆ ఆరు కాళ్ల తీర్మానం చేసేసింది. డాక్టరమ్మ, "అయ్యయ్యో, ఇద్దరికీ రెండూ కావాలండీ!" అని మొత్తుకుంది. ఆ మొత్తుకోలును కార్యవర్గం సహర్షంగా నమోదు చేసుకుని, ఆవిడకి ఒక జ్ఞాపిక బహూకరించి, గేటు దాకా సాగనంపింది.

ఇంటికెళ్లి కెప్టెన్ గారు భార్యకి ఈ శుభవార్త చెప్పారు. "చూశావా? కష్టమంతా గుర్రానిది, విశ్రాంతంతా నాది. ఇద్దరం ఒకటే కాబట్టి లెక్క సరిపోతుంది. సరికొత్త శాస్త్రం!"

ఆవిడ ఉతికిన దుప్పటి రెండో కొస ఆయన చేతికిచ్చింది. ఆయన పట్టుకోలేదు గనక తనే గడ్డం కింద నొక్కిపట్టి మడత పెట్టుకుంది.

"సరికొత్తదేముందండీ! మనింట్లో పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదేగా. నాకే జీను వెయ్యలేదు, అంతే తేడా."

"నీకు శాస్త్రీయ దృక్పథం లేదే," అన్నారు కెప్టెన్ గారు, జాలిగా.

"లేదండీ. పొద్దున్నే నీళ్లు పట్టాలి, తీరికెక్కడ?"

మర్నాటి నుంచి శిక్షణ మొదలైంది. లాయం పక్క గదిలో మంచం వేసి, తలుపు మీద "శిక్షణ జరుగుచున్నది, నిశ్శబ్దము" అని రాసి తగిలించారు. లోపల కెప్టెన్ గారు శిక్షణలో ఉండేవారు. బయటికి గురక వినిపించేది. కొండ దిగిన గుర్రానికి కాళ్ల మీద చన్నీళ్లు పోయాలని డాక్టరమ్మ చెప్పి వెళ్లింది. అది విశ్రాంతి విభాగంలోకి వస్తుంది కాబట్టి ఆ నీళ్లు కెప్టెన్ గారి కాళ్ల మీద పోశారు. ఒళ్లు పట్టడం కూడా విశ్రాంతే కాబట్టి ఆయన ఒళ్లే పట్టారు. చెమటలో ఉప్పు పోతుంది కనక నీళ్లలో ఉప్పు కలిపి ఇవ్వమంది. కెప్టెన్ గారు ఒక గుక్క తాగి చూసి, ఇది మాత్రం శ్రమ విభాగానిదేనని తీర్పు చెప్పి దొరసానికి పంపించారు.

గుర్రం వీపు మీద రౌతు బరువు లేకపోతే అలవాటు తప్పుతుందని కెప్టెన్ గారి తూకానికి సరిపడా ఒక ఇసుక బస్తా కట్టారు. ఆయన విశ్రాంతిలో అభివృద్ధి సాధించిన కొద్దీ బస్తాలో ఇసుక పోస్తూ వచ్చారు. దానికి క్లబ్బు టోపీ కూడా పెట్టారు. లాయం తాత పగ్గం పట్టుకుని కొండకి నడిపించేవాడు.

"కెప్టెన్ గారూ, కాస్త కుడిపక్కకి సర్దుకోండి బాబూ, మలుపొస్తోంది," అనేవాడు బస్తాతో. మాట వినేది. అందుకని తాతకి దాని మీద గౌరవం పెరిగింది. ఎదురొచ్చిన సభ్యులు బస్తాకి నమస్కారం పెట్టి వెళ్లేవారు. కెప్టెన్ గారు ఈమధ్య ఎంతో నెమ్మదస్తులయ్యారని, అడ్డదిడ్డంగా మాట్లాడటం మానేశారని హాల్లో చెప్పుకునేవారు.

ఇలాంటి మంచి ఒక్కచోట ఆగదు. టెన్నిసు జంటల్లో ఒకరు ఆడటం, ఒకరు కూర్చోవడం మొదలైంది. ఊళ్లో ఆఫీసులు కూడా ఈ పద్ధతిని ఆహ్వానించాయి. అధికారీ గుమాస్తా ఒకే ఉద్యోగి అని ఉత్తర్వులు వెలువడ్డాయి. అయితే పని తీరులో ఏ మార్పూ రాలేదు. ఇంతకాలమూ తెలియకుండానే శాస్త్రాన్ని పాటించామని అధికారులు ఎంతో పొంగిపోయారు.

ఒక్క తోడల్లుడు మాత్రం వెనకబడిపోయాడు. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చేశాడు. తెల్లారకముందే లేచి మెట్లెక్కేవాడు, గుంజీలు తీసేవాడు, ఒంటికాలి మీద నిలబడి పళ్లు తోముకునేవాడు. మర్నాడు తనకీ గుర్రానికీ కూడా సెలవు. ఒకరోజు చెమటలు కక్కుతూ కెప్టెన్ గారి గది దగ్గర ఆగాడు.

"అన్నయ్యగారూ, మీరు కూడా రండి. నాలుగు రోజులు నెప్పులుంటాయి, తర్వాత బాగుంటుంది."

కెప్టెన్ గారు దిండు సర్దుకున్నారు. "తమ్ముడూ, గుర్రం పని నువ్వు చేస్తున్నావు. మరి గుర్రమేం చెయ్యాలోయ్? దానికి మనసుండదా? నీకు పదవి మీద ఆశ ఉంటే ఉండనీ గానీ, మూగజీవి పొట్ట కొట్టకు."

పందెం రోజు రానే వచ్చింది. దొరసాని నున్నగా, బిగుతుగా, చూపు తిప్పుకోలేనట్టుంది. కెప్టెన్ గారు కూడా నున్నగానే ఉన్నారు. నలుగురు పట్టి జీను ఎక్కించారు. రికాబుల్లో కాళ్లు పెట్టడం అనే పని తనదా గుర్రానిదా అని ఆయన ఆలోచిస్తుండగానే జెండా ఊపారు.

దొరసాని కదిలింది. పగ్గాలు లాగి, "హోయ్, హోయ్!" అని కేకలు పెట్టే కెప్టెన్ గారిని అది మర్చిపోయి చాలాకాలమైంది. వెనక్కి తిరిగి ఆశ్చర్యంగా ఒకసారి చూసి మొదటి కంచె దూకింది. కెప్టెన్ గారు దూకలేదు. కంచెకి ఇవతల గడ్డి కుప్పలో, ఎంతో శిక్షణ పొందిన మనిషిలా చడీచప్పుడూ లేకుండా దిగబడ్డారు.

దొరసాని ఆగలేదు. కొండెక్కింది, దిగింది, కంచెలన్నీ దూకింది, కాలువ దాటింది. అందరికంటే ముందు గమ్యం చేరి తాత చేతిలోని దాణా సంచీలో మూతి పెట్టింది. తర్వాత చాలాసేపటికి తోడల్లుడు వచ్చాడు. తన గుర్రం మీదే కూర్చుని, ఒక్క కంచె కూడా పడగొట్టకుండా, నిటారుగా. మిగతా జంటలు విడివిడిగా వచ్చాయి. రౌతులు సాయంత్రం వరకూ వస్తూనే ఉన్నారు.

కార్యవర్గం చెట్టు కిందే సమావేశమై తీర్పు చదివింది. "మన తీర్మానం ప్రకారం గుర్రమూ రౌతూ ఒకే క్రీడాకారుడు. ఆ క్రీడాకారుడిలో పరుగెత్తవలసిన భాగం పరుగెత్తింది. విశ్రాంతి తీసుకోవలసిన భాగం, అందరూ చూస్తుండగా, కంచె పక్కన విశ్రాంతి తీసుకుంది. ఇంత చక్కని సమన్వయం క్లబ్బు చరిత్రలో లేదు. కెప్టెన్ గారే విజేత. ఆయనే కెప్టెన్."

తోడల్లుడు ఏదో అనబోయాడు. అనే లోపలే అతనికి మందలింపు కూడా చదివేశారు. గుర్రానికి చెందవలసిన శ్రమలో కొంత భాగాన్ని దొంగచాటుగా తానే వాడుకున్నందుకు, చెమటతో సభకి వచ్చి వాతావరణం పాడుచేసినందుకు.

కెప్టెన్ గారి కాలు విరిగింది. మంచం మీదనే బహుమతి అందుకున్నారు. భార్య కాలి కింద తలగడ పెడుతుంటే ఆయన కళ్లు చెమర్చాయి.

"చూశావుటే? గెలిచాం!"

"ఎవరండీ?"

"ఎవరేమిటి? మనం!"

ఆవిడ తలగడ సరిచేసి లేచింది.

"ఆ మాట పడుకున్నవాళ్ల నోట్లోంచే వస్తుందేమిటండీ, ఎప్పుడూ?" అని, మందు గ్లాసు అందించి లోపలికెళ్లింది. కెప్టెన్ గారి కాలు నయమయ్యేదాకా విశ్రాంతి రెట్టింపు చేశారు. లెక్క తప్పకూడదు కనక దొరసానికి కొండ రెట్టింపు చేశారు. ఇంటి సంగతి వేరే చెప్పక్కర్లేదు.

విజయోత్సవ సభలో అధ్యక్షులవారు, "ఈ గెలుపు ఒక్కరిది కాదు, మనందరిదీ!" అని ప్రకటించారు. చప్పట్లు ఎంతసేపు మోగాయంటే, సభ్యులకి చేతులు నొప్పెట్టి, మిగతావి నౌకర్ల చేత కొట్టించారు. దొరసానిని పిలవలేదు. వేదికకి మెట్లున్నాయి, పాపం ఎక్కలేదని.

ప్రియ పాఠకులారా, ఆ పందెం రోజున మీరు కూడా ఏమీ చెయ్యలేదని విశ్వసనీయంగా తెలిసింది. కాబట్టి ఈ విజయంలో మీ వాటా క్లబ్బులో భద్రంగా ఉంది. పని వేళల్లో వచ్చి తీసుకోవచ్చు. రావడానికి ఒళ్లు బరువనిపిస్తే, ఎప్పటిలాగే, మీ ఇంట్లో ఎవరు పరుగెడుతున్నారో వాళ్లని పంపండి.