బస్సు డ్రైవరుగారి ఆఖరి సీసా

వినండమ్మా, చెవులిటు పెట్టి వినండి! బాలభానుని కిరణములు కిటికీ అద్దముపై చీపురుపుల్లలవలె వాలుచుండగా, గోడగడియారము ఏడుమ్ముప్పావు చూపగా, మూడవ అంతస్తునందలి మా రెండుగదుల యింట, ముప్పదియైదేండ్లు మహారథమువంటి బస్సును తోలినవాడు, గతుకులగండడు, హారన్‌ఘోషభీకరుడు, నా మగడు, గాజుసీసా చేబూని స్నానాలగది జొచ్చి గడియ పెట్టుకొనెను.

ఏలనందురా? మా మనవరాలికి ప్రయోగశాలలో పని. ఆలివుకాయల చేదు, వైను వగరు మనిషి ఒంట బడి ఏమగునో తేల్చవలెనని మూడేండ్లుగా దాని పట్టు. పన్నెండుమంది కావలె; పదకొండుగురే దొరికిరి. పన్నెండవవాడు ఈయన! రెండు దినములు కాఫీ టీలు మాని, ముఖము మాడ్చుకొని, నిన్న ఉదయము ఎనిమిదికి ఇరువది ఆలివులు నమలి, గ్లాసెడు వైను త్రాగెను. (పొద్దున్నే ఇదేం చోద్యమే అంటే, ‘సైన్సు అమ్మమ్మా’ అంది.) అది మొదలు మూత్రము ఒక్క చుక్క నేలపాలు కారాదు, అంతయు సీసాలకే. నేటి ఎనిమిదికి ఆఖరి సీసా. అది తప్పెనా, పన్నెండవవాడు లేడు. మూడేండ్ల శ్రమ మూలన పడును!

లోపలి యుద్ధము చూచినట్టే చెప్పెదను, మనవరాలు బొమ్మ గీసి చూపింది మరి. చేదూ వగరూ అను సోదరవీరులు సేనాసమేతులై గళద్వారము దాటి, జఠరామ్లసాగరమును ఈది, చిన్నప్రేగు గోడలకు నిచ్చెనలు వేసిరి. కొందరే లోన బడిరి. వారిని కాలేయమను కోటకాపరి ‘ఎవర్రా మీరు?’ అని గద్దించి, వీపున ముద్ర గ్రుద్ది, నీట కరుగువారిగా మార్చి మూత్రపిండముల దారి పట్టించెను. వారు నిన్ననే సీసాలకెక్కిరి. తక్కిన పెక్కుమంది పెద్దప్రేగు కీకారణ్యమున చిక్కగా, అచటి సూక్ష్మజీవికోటులు కిరీటములూడ్చి, కాలొకటి చేయొకటి విరిచి, కన్నతల్లి గుర్తుపట్టరాని తునకలు చేసిరి. ఆ తునకలే నింపాదిగా వెనుక వచ్చునట. ఆఖరి సీసా వారికొరకే!

“తాతయ్యా, అయిందా?”

“నువ్వలా తలుపుకి అతుక్కుంటే ఎలా అవుతుందే!”

“ఎనిమిది నిమిషాలే ఉంది!”

“ముప్పై ఐదేళ్లు ఆపుకోవడమే నేర్చానే తల్లీ!”

కొళాయి విప్పెను, ఫలము సున్న. అంతట వీరుడు స్వోదరమునుద్దేశించి గర్జించెను: “ఓసి మొండిఘటమా! వరదలో వంతెన దాటించితిని! చక్రము పేలిననాడు నలువదిమందిని గట్టెక్కించితిని! అంత బస్సు నా మాట వినెను, నీవేల వినవు?”

అది వినలేదు. మనవరాలి కన్నుల నీరు నిండెను. ఆ నీరు సీసాకు పనికిరాదు గదా!

అప్పుడు నాకు జ్ఞప్తి వచ్చెను. పెండ్లైన కొత్తలో ఆయన బస్సెక్కి చూచితిని: ఎంత అర్జంటైనా, కండక్టరు కేక పడితేగాని ఈయన సీటు దిగడు! కొంగు బిగించి, తలుపుపై అరచేత రెండు దెబ్బలు చరచి అరచితిని:

“హోల్డాన్! బండి పది నిమిషాలు ఆగుతుంది! దిగేవాళ్లు దిగండి!”

టప్. టప్‌టప్. ఆపై, ఆహా, ధార!

గడియారము ఎనిమిది కొట్టెను. తలుపు సందులోంచి హస్తమొకటి సీసానందించెను. మనవరాలు దానిని వెలుగుకెత్తి చాటెను: “నలభై మిల్లీలీటర్లు!”

జయము, జయము! పదకొండుగురు పన్నెండుగురైరి! మేమిద్దరము కౌగలించుకొని గంతులు వేయుచుండగా, లోపలినుండి విజేత వాక్కు వినవచ్చెను:

“ఒసేయ్, రైట్ రైట్ అను. బయటికొస్తా.”