చిక్కుడుపాదుకు ఒక చలికాలం

ఆ ఊళ్ళో రుతువులను పురపాలక సంఘం వాళ్ళు గోనెసంచుల్లో కట్టి ఇంటింటికీ పంచేవారు. కార్డు చూపించి, వేలిముద్ర వేసి, పెరట్లో సంచి మూతి విప్పుకుంటే ఆ రుతువు ప్రహరీగోడ దాకా పరుచుకునేది. గోడ దాటేది కాదు. ఒక పెరట్లో వాన కురుస్తుంటే పక్క పెరట్లో వడియాలు ఎండేవి. ఈ ఏర్పాటు ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తులేదు. అంతకుముందు ఎలా ఉండేదని అడిగినవాళ్ళూ లేరు.

ఆ ఏడు భాస్కరమ్మ ఇంటికి వానాకాలం వేళకే వచ్చింది. సంచి విప్పిన మూడోరోజుకి తోటకూర మొలిచింది. బెండ, గోంగూర, పంపు పక్కన పుదీనా తలెత్తాయి. పొట్లకాయలు కొసలకు రాళ్ళు కట్టించుకుని తిన్నగా దిగాయి. జామచెట్టు రెండు విడతలు కాసింది. ఆమె ప్రతి కాపులోనూ మొదటిది దేవుడి గూట్లో పెట్టి, మిగతాది వంటింట్లోకి తెచ్చుకునేది.

కార్తీకం వెళ్ళి మార్గశిరం వచ్చినా చలికాలం మాత్రం రాలేదు. దానికి బదులు ఎవరో వద్దన్న ఎండాకాలం సంచి ఒకటి గుమ్మంలో దింపిపోయారు. వేరే గతిలేక ఆమె దాన్నే విప్పుకుంది.

మిగతా మొక్కల సంగతి ఎలా ఉన్నా, చిక్కుడుపాదు చలి తగలనిదే పూత వెయ్యదు. అది ఆమె అత్తగారి విత్తనం. అంచున వంకాయరంగు గీత ఉన్న ఆ చిక్కుడు ఊళ్ళో మరెవరి దగ్గరా లేదు. పోయేముందు అత్తగారు బూడిదలో కలిపిన విత్తనాల కుండ కోడలి చేతికిచ్చి, "దీన్ని తెంపకమ్మా" అంది. అంతకుమించి ఏమీ చెప్పలేదు. ఆ కుండలో పురుగు పట్టగా ఈ సంవత్సరానికి ఏడు గింజలే మిగిలాయి. ఏడూ పాతితే ఒక్కటి మొలిచింది. అదే ఇప్పుడు పందిరి నిండా ఆకులేసుకుని, ఒక్క పువ్వు లేకుండా ఎండలో నిలబడి ఉంది. ఈసారి కాయకపోతే గింజ లేదు. గింజ లేకపోతే ఇక ఆ చిక్కుడే లేదు.

గోడవతల రత్తాలు పెరట్లో చక్కటి మంచు. భాస్కరమ్మ గోడమీంచి చెయ్యి చాచింది. మోచేతి దాకా రోమాలు నిక్కబొడుచుకున్నాయి. పైన భుజానికి చెమట పడుతూనే ఉంది.

"తీగని ఇటు పాకించెయ్యండి పిన్నీ. మా చలి మాకెంత కావాలి?" అంది రత్తాలు.

పాకించారు. మర్నాడే సిబ్బంది వచ్చి, పొరుగు రుతువును వాడుకున్నందుకు తీగ కొస కత్తిరించి, కవరులో పెట్టి, సీలు వేసి, సాక్ష్యం కింద పట్టుకుపోయారు.

భాస్కరమ్మ కార్డు తీసుకుని ఆఫీసుకు వెళ్ళింది. రుతువుల గుమాస్తా కృపానందం నెమ్మదైన మనిషి. రిజిస్టరు తిప్పి, వేలు పెట్టి చూపించాడు.

"మీకు చలికాలం రద్దయిందమ్మా. ఆషాఢంలో సర్వేకి వచ్చినప్పుడు మీరే చెప్పారు కదా."

"ఏం చెప్పాను బాబూ?"

"ఏమైనా లోటుందా అని మావాడు అడిగాడు. 'దేవుడి దయవల్ల మాకే లోటూ లేదు నాయనా, మజ్జిగ తాగి వెళ్ళు' అన్నారు. లోటు లేదు అని రాసుకున్నాడు. మజ్జిగ కూడా తాగాడట, ఇదిగో, ఇక్కడ రాశాడు."

అలా అన్న మాట నిజమే. ఎవరడిగినా ఆమె అలాగే అనేది. వాళ్ళమ్మా అలాగే అనేది. ఇంటికొచ్చి చెబితే భర్త జోగినాథం పేపరు దించకుండానే అన్నాడు. "నూటమూడు జ్వరంలో డాక్టరుతోనూ అదే అన్నావు. ఆయన ఇంజక్షను సర్దేసుకుని వెళ్ళిపోయాడు."

దిద్దుబాటుకు మార్గం ఉంది. దయాలోప ధ్రువీకరణ పత్రం ఇవ్వాలి. కృపానందం అచ్చుకాగితం ఆమె ముందు పెట్టాడు. ఆమె కూడబలుక్కుని చదివింది. 'నా కుటుంబముపై దేవుని దయ ప్రస్తుతము లేదనియు, ఉన్నట్లు లోగడ నేను పలికినది కేవలము అలవాటు కొద్దీ పలికినదనియు ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను.'

"లేదని రాయమంటే, ఏదో, రాస్తాను. ఈ 'అలవాటు కొద్దీ' అన్నది కొట్టేయకూడదా బాబూ?"

"కొట్టివేతలుంటే చెల్లదమ్మా." అతను గొంతు తగ్గించాడు. "మా అమ్మ చేతా రాయించాను. తర్వాత నాలుగు వారాలు చర్చికి వెళ్ళలేదు. అయిదో వారం మా పెరట్లో క్యాబేజీ పువ్వులా విచ్చుకుంది. అప్పుడు వెళ్ళింది."

సాక్షులు ఇద్దరు కావాలి. ఒకరు పొరుగువారు, రెండోవారు అర్చకులు. దయ ఉన్నదీ లేనిదీ వారికే బాగా తెలుస్తుందని నిబంధన. రత్తాలు వెంటనే సంతకం పెట్టింది. గుళ్ళో పంతులుగారి ముందు కాగితం చాచడానికి మాత్రం భాస్కరమ్మ అరగంట స్తంభం పక్కన నిలబడిపోయింది.

"ఎంతసేపు నిలబడతావమ్మా, ఇటు తే," అన్నారాయన. పళ్ళెంలో కుంకుమ పక్కనే స్టాంపు ప్యాడు ఉంది. "పోయినేడు నేనూ రాశాను. గుడి వెనక మామిడికి పూత రాలేదు మరి. స్వామికి నైవేద్యం ఎక్కణ్ణుంచి తేను?"

"స్వామి ఏమీ అనుకోలేదా పంతులుగారూ?"

ఆయన కాసేపు గర్భగుడి వైపు చూశారు. "మామిడిపళ్ళు బావున్నాయి," అన్నారు.

వారానికి చలికాలం వచ్చింది. సైకిలు వెనక కట్టుకొచ్చిన సంచి అడుగున తడిగా ఉంది. భాస్కరమ్మ స్నానం చేసి, పసుపు రాసి, మూతి విప్పింది. మొదట ఏమీ కనిపించలేదు. తర్వాత మట్టి మీద నుంచి పాలపొంగులా తెల్లగా ఏదో లేచి, పుదీనాను ముంచి, జామచెట్టు మొదలు చుట్టి, పందిరి అందుకుంది. ఎక్కడి నుంచి వచ్చిందో ఒక పిట్ట తోక ఆడించుకుంటూ నేలమీద నడిచింది. చిక్కుడాకుల మీద ఒక్కొక్కటిగా నీటిబొట్లు పుట్టాయి. ఒక్కో బొట్టులో తలకిందులుగా ఒక ఇల్లు, ఒక గోడ, చేతులు జోడించిన ఒక ఆడమనిషి. ఆమె చేతులు ఎప్పుడు జోడించిందో ఆమెకే తెలియదు.

పదో రోజుకు ఊదారంగు పూత వచ్చింది. నెలకు పందిరి వంగింది.

అప్పుడు తనిఖీ అధికారి వచ్చాడు. చలికాలం పుచ్చుకున్న ఇళ్ళలో దయ తిరిగి మొదలైందేమో చూడడం ఆయన పని. మొదలైతే సంచి మిగిలింది మిగిలినట్టు వెనక్కి పట్టుకుపోతారు. ఇంకా కాయలు ముదరలేదు. గింజ కట్టడానికి పది రోజుల చలి కావాలి. ఆయన పందిరి కింద నిలబడి, తలకు తగులుతున్న గుత్తులను పెన్నుతో పక్కకు జరిపాడు.

"బాగా కాసిందే. ఇదంతా ఎవరి దయమ్మా?"

భాస్కరమ్మ పైకి చూసింది. ఒక్క గింజ. చిటికెనవేలి గోరంత. అందులోంచి ఇంత పందిరి, ఇన్ని వందల కాయలు, ఒక్కొక్కదానికీ అంచున అదే గీత, అత్తగారి కాలం నాటిది, తప్పకుండా. జవాబు నాలుక చివరే ఉంది. అరవై ఏళ్ళుగా అక్కడే ఉంది.

"ఆఫీసువారి దయ బాబూ," అంది.

ఆయన సంతోషంగా రాసుకున్నాడు. వీధిలో అన్ని ఇళ్ళవాళ్ళూ అదే చెప్పారనీ, ఇది చివరి ఇల్లనీ అన్నాడు. ఆమె మజ్జిగ ఇచ్చింది.

పది రోజుల తర్వాత కాయలు ఎండి గలగలమన్నాయి. ఖాళీ సంచి దులిపి, మడతపెట్టి ఆఫీసుకు ఇచ్చి వచ్చింది. గింజలు వలిచి, బూడిదలో కలిపి కుండకెత్తింది. మూతికి గుడ్డ కట్టి, దేవుడి గూట్లో పెట్టి, తను రాసిచ్చిన పత్రం నకలు కూడా ఆ కుండ కిందే పెట్టింది. దాచడానికి అంతకంటే మంచి చోటు ఆ ఇంట్లో లేదు. దీపం వెలిగించి పటం వైపు చూసింది. దేవుడు ఎప్పటిలాగే ఉన్నాడు.

ఆమెకు ఒక అనుమానం కలిగింది. పైన ఆయనకూ ఒక ఆఫీసు ఉంటుంది. ఏటా ఇన్ని పెరళ్ళలో ఇన్ని గింజలను మొలిపించాలంటే ఆయనా అక్కడ సంతకం పెట్టక తప్పదు. భూమ్మీద తనకు భక్తులెవరూ లేరనీ, ఉన్నారని లోగడ అన్నది అలవాటు కొద్దీ అన్నదేననీ.

సాక్షి సంతకాలు ఎవరు పెట్టారో అనుకుంటూ ఆమె వత్తి కాస్త ఎగదోసింది.