అత్తగారి ఎలుగుబంటి

ఆ పొద్దున్న ఇంట్లో ఎవరూ లేవకముందే చడీచప్పుడూ లేకుండా జారుకోవాలని అల్లుడు అనుకున్నాడు. బూట్లు చేత్తో పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి, అత్తగారు తల దువ్వుకుని, కళ్ళజోడు తుడుచుకుని, సోఫాలో సిద్ధంగా కూర్చుని ఉంది.

అతను బొమ్మల సినిమాలు తీసే స్టూడియోలో జంతువులకు నడకలూ, చూపులూ దిద్దుతాడు. ఈసారి సినిమాలో ఎలుగుబంటి కూతురూ, ఒక కుందేలూ ప్రేమించుకుంటాయి. అడ్డుపడే తల్లి ఎలుగును చూస్తే పిల్లలు జడుసుకోవాలని డైరెక్టర్ అన్నాడు. అంత భయం ఇంట్లోనే ఉండగా అల్లుడు వేరే చోట వెతుకుతాడా? అత్తగారు కళ్ళజోడు మీదుగా చూసే చూపూ, మాటకు ముందు గొంతు సవరించుకోవడమూ తీసుకెళ్ళి ఎలుగుకు పెట్టేశాడు. ఇవాళ స్టూడియోవాళ్ళ కుటుంబాలకు మొదటి ఆట. ఆవిడ గుర్తుపట్టిందంటే, ఆవిడ ఇంటి పై వాటాలో అతని కాపురం గోవిందా!

“అత్తయ్యగారూ, అక్కడ ఏసీ మరీ చలండీ. మీకు పడదు.”

“దుప్పటి తెచ్చుకుంటాను.”

“కుర్చీల్లో నల్లులు కూడా...”

“అయితే రెండు దుప్పట్లు. ఏంటల్లుడుగారూ, నేను రావడం ఇష్టం లేదా?”

“అయ్యయ్యో, భలేవారే!” అన్నాడు చెవి గోక్కుంటూ.

స్టూడియోకి చేరగానే ఎడిటర్ గదిలోకి పరుగెత్తాడు. “ఇవాళ్టికి తల్లి ఎలుగు సీన్లు లేపెయ్ గురూ, నీకు పుణ్యముంటుంది!” అని బతిమాలాడు. ఎందుకో మాత్రం చెప్పలేకపోయాడు. పాపం, అల్లుడికి తన పని తనకే నచ్చలేదేమో అనుకుని ఎడిటర్ వెళ్ళి డైరెక్టర్ చెవిన వేశాడు. డైరెక్టర్‌కు జాలేసింది. తిన్నగా అత్తగారి దగ్గరికి వచ్చాడు.

“అమ్మా, తల్లి ఎలుగు మీ అల్లుడి చేతి పనే. బాగా రాలేదని బెంగ పెట్టుకున్నాడు. మీరు దాన్నే కాస్త పట్టి చూసి చెప్పాలి.”

ఆవిడను మొదటి వరసలో నట్టనడుమ కూర్చోబెట్టారు. ఒక పక్క అల్లుడు, రెండో పక్క కూతురు.

దీపాలు ఆరాయి. తెర నిండా ఎలుగు లేచి నిలబడి, కళ్ళజోడు మీదుగా చూసి, గొంతు సవరించుకుంది. పిల్లలు కెవ్వుమన్నారు. భార్య “ఏవండీ, ఇది మా...” అంటూ ఆగిపోయింది. అత్తగారి చెయ్యి వచ్చి అతని మణికట్టును గట్టిగా పట్టుకుంది. అయిపోయింది, ఇక సామాన్లు సర్దుకోవడమే అనుకుని అతను కళ్ళు మూసుకున్నాడు.

ఆవిడ అతని చెవి దగ్గరికి వంగి గుసగుసలాడింది.

“అల్లుడుగారూ, ఇది మా అత్తగారు! ఆవిడ పోయి ఇన్నేళ్ళయినా ఆ చూపు చూస్తే నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు. ఆవిడని మీరెప్పుడు చూశారు?”

“ఫోటోలో అండీ...”

“ఫోటోలో గొంతు కూడా సవరించుకుంటుందా?”

“అది... ఊహించానండీ.”

“ఊహంటే అదీ!” అని ఆవిడ దుప్పటి తల మీదికి లాక్కుంది.

ఆట అయ్యాక డైరెక్టర్‌తో, “ఎలుగుకు వంక పెట్టడానికి లేదు బాబూ” అంది. అల్లుడికి పోయిన ప్రాణం లేచొచ్చింది. “కుందేలైతే మరీనూ! అడిగినదానికి ఒక్క ముక్క సూటిగా చెప్పదు, భయం వేస్తే చెవి గోక్కుంటుంది. మా అల్లుడుగారిని దింపేశారు!”

భార్య పగలబడి నవ్వింది. ఇన్నాళ్ళూ స్టూడియోలో ఆ కుందేలును చూసి అందరికంటే ఎక్కువ నవ్వింది అతనే. చెవి మీదున్న చెయ్యి మెల్లగా దించి వెనక్కి తిరిగాడు.

వెనక వరసలో, స్టూడియోలో రోజూ అతని పక్క బల్ల దగ్గర కూర్చుని కుందేలును గీసిన అమ్మాయి వంగి, కుర్చీ కింద ఎంతకీ దొరకనిదేదో వెతుక్కుంటోంది.