ఐదో వీధి గెలుపు, అరవై రెండు అప్పడాలు

ఫుట్‌బాల్ పోటీలో ఎవరు గెలిచారో ఆట అయ్యాక తెలుసుకోవడం వెనకబాటుతనమని ఇండోనేషియాలోని మాగెలాంగ్ ఊరి ఐదో వీధి స్వాతంత్ర్య దినోత్సవ కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. (అభ్యంతరం చెప్పగల ఇద్దరూ అప్పుడు టీ తేవడానికి వెళ్లారు.)

పద్ధతి సులువే. ‘ఐదో వీధి గెలుస్తుంది’ అనే కూపన్‌కి, గెలిస్తే నూరు రొయ్యల అప్పడాలు వస్తాయి; ఓడితే ఏమీ రాదు. ఈలోగా ఎవరైనా కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు. కూపన్ అరవై రెండు అప్పడాలు పలికితే, గెలిచే అవకాశం నూటికి అరవై రెండు పాళ్లన్నమాట. ధర కాపలా గుడిసె బోర్డు మీద సుద్దముక్కతో రాస్తారు.

లోపలి సంగతులు తెలిసినవాళ్లు ఇందులో దిగొచ్చా అని ఎవరో అడిగారు. ధరల అధికారి పాక్ (అంటే అయ్యగారు) కుంచోరో నొచ్చుకున్నాడు. “తెలిసినవాళ్లే దిగాలి. తెలియనివాళ్లు కొంటే అది ధర కాదు, ఆశ.”

గోల్‌కీపర్ పాక్ తుకిజో భార్య బు (అంటే అమ్మగారు) వుర్యానికి ఆ పొద్దున ఒక సంగతి తెలిసింది. నీళ్ల క్యాన్ ఎత్తబోయిన భర్తకు నడుం పట్టేసింది. పదహారేళ్లుగా గోల్ దగ్గర నిలబడుతున్న మనిషి. ఎవరికీ చెప్పనని ఆమెచేత ఒట్టు వేయించుకుని, ఆనవాయితీ ప్రకారం ఆమె పూల నైటీ తొడుక్కుని మైదానానికి వెళ్లాడు. (ఆ రోజు మగవాళ్లందరూ పెళ్లాల నైటీల్లోనే ఆడాలి.)

ఆమె ఒట్టు తప్పలేదు. ఒక్కరితో ఒక్క మాట అనలేదు. తన ఇరవై కూపన్లు మాత్రం అమ్మేసింది.

గోల్‌కీపర్ భార్యే అమ్మిందని తెలియగానే వీధంతా అమ్మకానికి దిగింది. పావుగంటలో ధర అరవై రెండు నుంచి పందొమ్మిదికి పడింది. కెప్టెన్ బోర్డు దగ్గర్నుంచి నేరుగా తుకిజో దగ్గరికి వచ్చాడు.

“నీకేమైందో నాకు తెలీదు పాక్. తెలుసుకోనక్కర్లేదు కూడా. నువ్వు పందొమ్మిది అప్పడాలు. పక్కన కూర్చో.”

బదులుగా దిగిన మంగలి బ్రహ్మచారి. అతనికి నైటీ ఇచ్చే దిక్కు లేదు కనుక తుకిజో ఒంటిమీదిది విప్పించి తొడిగారు. ఐదో వీధి ఒక గోల్ తేడాతో గెలిచింది. కమిటీ ధరల వ్యవస్థను అభినందిస్తూ తీర్మానం చేసింది.

ఇంటికొచ్చాక తుకిజో ఒకటే అడిగాడు. “ఒట్టేశావు కదా?”

“ఎవరితోనైనా అన్నానా, చెప్పు?”

ఆయన అప్పట్నుంచి ఆమెతో మాటలు మానేశాడు.

ఉత్సాహం ఇంకా చల్లారని కమిటీ వెంటనే కొత్త కూపన్ తెరిచింది: ఆదివారంలోగా పాక్ తుకిజో భార్యతో మాట్లాడతాడా, మాట్లాడడా? ఇరుగుపొరుగు మంచివాళ్లు కనుక ‘మాట్లాడతాడు’ డెబ్బై అప్పడాల దగ్గర మొదలైంది. మర్నాడు ఒకే మనిషి ‘మాట్లాడడు’ కూపన్లు ముప్పై కొన్నాడు. ఆ మనిషి పాక్ తుకిజో.

గురువారం పొద్దున బు వుర్యాని కూడా ‘మాట్లాడడు’ కూపన్లు నాలుగు కొంది.