అన్న రాని పెళ్లిచూపులు

ఆ ఆదివారం పొద్దున సాయినాథ్ పెద్ద పనులేమీ పెట్టుకోలేదు. తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎల్బీనగర్‌లో పెళ్లిచూపులకు వెళ్లాలి. మేనమామ దశరథ నేరుగా అక్కడికే వస్తానన్నాడు. దిల్‌సుఖ్‌నగర్ కళ్లద్దాల దుకాణంలో పనిచేసే సాయినాథ్‌కు పగటికలలు అలవాటు. గిరాకీ లేకపోతే అద్దాల వరసలు చూస్తూ ఎక్కడికో వెళ్లిపోయేవాడు. అలాంటివాళ్లకు దారి చెప్పడానికి ఊరంతా సిద్ధంగా ఉంటుంది. అతనూ ఎవరి మాటా కాదనేవాడు కాదు.

మెట్లు దిగుతుంటే ఇంటి ఓనరు భానుమూర్తి ఆపాడు. గుంటూరు నుంచి వచ్చి గడ్డిఅన్నారంలో స్థిరపడిన మనిషి.

"ఆ మీసమేంటయ్యా, పోలీసోడిలాగా! తీయించేయ్. కుర్రాడిలా ఉంటావు."

నిజమే అనిపించింది. సెలూన్‌లో కుర్చీ మెత్తగా వెనక్కి వాలింది. కళ్లు మూసుకుంటే ఫోటోలో చూసిన స్వప్న కనిపించింది. ఆమె ఏదో చెప్పబోతుండగా ఫోన్ మోగింది.

"అల్లుడూ, మీసం జర మంచిగ దువ్వుకొని రా," అన్నాడు దశరథ. "పిల్ల తండ్రి సీతారాములు ఫోటోల నీ మీసం జూసే ఒప్పుకున్నడు."

సాయినాథ్ కళ్లు తెరిచాడు. అద్దంలో ఎడమ సగమే మిగిలి ఉంది.

"ఉంచాల్నా అన్నా, తియ్యాల్నా?" అన్నాడు సెలూన్ అతను.

సీతారాములు ఇంటి గేటు దగ్గర మీసం లేని మేనల్లుణ్ని చూసి దశరథ తల కొట్టుకున్నాడు. అంతలో సీతారాములే బయటికొచ్చాడు.

"రాండ్రి, రాండ్రి! పిలగాడేడి? గీయనెవరు?"

"తమ్ముడు," అనేశాడు దశరథ. "అన్న ఎనక ఒస్తుండు. ట్రాఫిక్‌ల ఇరుక్కున్నడు."

లోపల కూర్చోగానే మేనల్లుడి చెవిలో, "నోరు మెదపకు. మీసం మొలిచినంక మల్లొద్దాం," అన్నాడు.

కానీ సీతారాములు మర్యాదస్తుడు. కారు తాళాలు తీసుకుని లేచాడు. "ఏడున్నడో చెప్పుండ్రి, నేనే పోయి తోల్కొస్తా."

"అయ్యో, ఒద్దు! ఆయన... దవాఖానకు పోయిండు."

"దవాఖానకా! ఏమైందే?" అంటూ ముసలమ్మ అండాలమ్మ బావురుమంది. ఆమె సీతారాములు తల్లి, వినికిడి తక్కువ. మనవరాలిని చూడ్డానికి వస్తూ పెళ్లికొడుకు కాలు విరగ్గొట్టుకున్నాడని తనే తేల్చుకుని, పసుపుగుడ్డలో ముడుపు కట్టింది. అన్న ఏ దవాఖానలో ఉన్నాడో చెప్పలేక దశరథకు ముచ్చెమటలు పట్టాయి.

ఆ గోలలో స్వప్న, "మీరు జర మీదికి రాండ్రి," అని సాయినాథ్‌ను డాబా మీదికి తీసుకెళ్లింది.

పైన గాలికి చీరలు ఊగుతున్నాయి. దూరంగా ఇళ్ల కప్పుల మీదుగా మెట్రో రైలు చప్పుడు లేకుండా ఈదుకుంటూ పోతోంది. సాయినాథ్ ఒక్క క్షణం అన్నీ మరిచిపోయాడు.

"మీ అన్న ఎట్లాంటోడు?"

"మంచోడే. అందరి మాట ఇంటడు."

"గదే నాకు భయం. ఇయ్యాల నా మాట ఇంటడు, రేపు ఎదురింటోళ్ల మాట ఇంటడు. నేను సంసారం ఎవరితోని చేసినట్టు?" అని, ఆగి, "మరి మీరెవరి మాట ఇంటరు?" అంది.

అతను అలవాటుగా చుట్టూ చూశాడు. చెప్పేవాళ్లెవరూ లేరు. చీరలు ఊగుతున్నాయి, అంతే.

"నాకు నా మీసం కావాలె," అన్నాడు చివరికి. తర్వాత ఇంకా మెల్లగా, "మీరు గూడ."

స్వప్న ఫక్కున నవ్వింది. "మీసం పోతే చెవులు మారతయా? గివే చెవులు ఫోటోల జూసిన."

కిందికి దిగగానే ఆమె, "నాయినా, నాకు అన్న ఒద్దు. తమ్ముడు నచ్చిండు," అంది.

సీతారాములు తలపట్టుకున్నాడు. "దవాఖానల పడున్నోనికి ఈ మాట ఎట్ల చెప్పాలె?"

"అసల్ సంగతేందంటే..." అని దశరథ ఇంకో అబద్ధానికి గొంతు సవరించుకున్నాడు.

"నువ్వుండు మామా, నేను చెప్తా," అన్నాడు సాయినాథ్. సెలూన్ నుంచి మొదలుపెట్టి అంతా చెప్పేశాడు. సీతారాములు దగ్గరికొచ్చి అతని ఖాళీ పెదవి వైపు చూశాడు. తర్వాత కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వి, లోపలికి తిరిగి మిఠాయి తెమ్మన్నాడు.

పెళ్లినాడు అండాలమ్మ దశరథను పక్కకు పిలిచింది. "గా పెద్దోనికి కాలు నయమైందా బిడ్డా? పాపం, ఆయనకు గూడ ఏదన్న సంబంధం జూడరాదు."

దశరథ చూస్తానన్నాడు.